అరవై మూడు జార్లు

ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక ల్యాబు ఉంది. రొయ్యల చెరువుల వాళ్లు పొద్దున్నే సీసాల్లో చెరువు నీళ్లు, కవర్లలో రొయ్య పిల్లలు పట్టుకుని అక్కడికి వస్తారు. కింద పరీక్ష చేస్తారు. మెట్లెక్కగానే ఎడమ చేతి గదిలో ఎనిమిదేళ్లు నేనూ, ఒక కంప్యూటరూ. పరీక్ష ఫలితాన్ని తెలుగులో చీటీగా అచ్చు వేసి ఇచ్చే ప్రోగ్రాము నా బాధ్యత. నీళ్లలో ఉప్పు ఎంత, అమ్మోనియా ఎంత, పిల్లకి రోగం ఉందా, చెరువులో వదలవచ్చా వదలకూడదా, అన్నీ ఆ చీటీలోనే. చీటీ వస్తే రైతు చెరువు దగ్గరికి పోతాడు. రాకపోతే మెట్లెక్కి నా దగ్గరికి వస్తాడు.

ఆ గదికి ఒకే కిటికీ. దానికి ఏసీ బిగించారు కాబట్టి అది తెరుచుకోదు. సముద్రం అంత దగ్గరున్నా నాకు గాలి తగలలేదు. యూపీఎస్ మాత్రం కరెంటు పోయినప్పుడల్లా కీచుమని అరిచేది. అది అరిస్తే నేను ఎక్కడున్నా పరుగెత్తుకు రావాలి. కంప్యూటరు ఆరిపోతే మళ్లీ లేస్తుందో లేదో ఎవరికీ నమ్మకం లేదు. దాన్ని తుడవడానికి కూడా ఆయాని దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

ఆ ప్రోగ్రాము జావాలో రాసింది. జావా తెలియని వాళ్లకి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే నా గోడు అర్థం కాదు. ప్రోగ్రాములో అంతా మనం రాసిందే ఉండదు. పీడీఎఫ్ తయారు చెయ్యడం, ప్రింటరుతో మాట్లాడటం, ఫాంటు చదవడం, ఇలాంటి పనులకి కావలసింది ఎవరో ఎక్కడో రాసి మూటగట్టి పెట్టి ఉంటారు. ఆ మూట పేరు జార్. మనం తెచ్చుకుని వాడుకుంటాం. ఏ జారు ఎక్కడుందో, దేని తర్వాత దేన్ని వెతకాలో మన ప్రోగ్రాము ఫైళ్లన్నీ ఉండే ప్రాజెక్టుకి వరసగా చెప్పి పెట్టాలి. ఆ వరసే బిల్డ్ పాత్. చెప్పిన చోట ఒక్కటి లేకపోయినా ప్రాజెక్టు పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది, ఇంక అది కదలదు. ఇవాళా రేపూ ఎవరూ ఇలా చేత్తో పెట్టుకోరు. కావలసిన వాటి పేర్లూ వెర్షన్లూ ఒక ఫైల్లో రాసుకుంటే అవే దిగి వస్తాయి. మాకు ఆ భాగ్యం లేదు. మావి అరవై మూడు జార్లు, అన్నీ ఎవరెవరో ఎప్పుడెప్పుడో చేత్తో పెట్టినవి.

పోయిన ఏడాది అక్టోబరు వానలకి ముందు నాకు నెల్లూరు టౌన్లోనే ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. నమ్మలేదు. నలభై దాటాక, ఒకే పాత ప్రోగ్రాము పట్టుకుని వేలాడిన దానికి ఎవరిస్తారు ఉద్యోగం? ఇచ్చారు. ఒకటో తారీకున చేరాలి, చేరే రోజు పాత చోటి రిలీవింగ్ లెటర్ చూపించాలి. ఆ రోజు లెటర్ లేకపోతే సీటు వెయిటింగ్‌లో ఉన్న వాళ్లకి పోతుందని ఫోన్లో ఒక అమ్మాయి చాలా తియ్యగా చెప్పింది. అప్పటికి నా చేతిలో ఉన్నవి పదకొండు రోజులు.

సారు దగ్గరికి పోయి చెప్పాను. సారు అంటే ల్యాబు ఆయనదే. చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు మాటలు అనేసి బయటికి వచ్చేదాన్ని.

"పోవద్దని నేనెందుకంటానమ్మా. మంచి ఉద్యోగం, పోవాల్సిందే," అన్నాడు. "కానీ నువ్వు పోయినాక ఇది ఆగిపోయిందనుకో, రైతులు నన్ను బతకనిస్తారా? నీ సిస్టమ్‌లో కాకుండా ఇంకో సిస్టమ్‌లో ఒక్కసారి ఆడించి చూపించు. ఆ పూటే లెటర్ మీద సంతకం పెడతా."

ఎదురు మాట్లాడటానికి సందు లేని మాట. ఆ పూటే కొత్త ల్యాప్‌టాప్ కూడా తెప్పించి నా బల్ల మీద పెట్టించాడు.

నేనెందుకు అంతగా బయటపడాలనుకున్నానో చెప్పాలి. ఆ ప్రాజెక్టు నా కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా బిల్డ్ కాదు, అంటే మన కోడూ జార్లూ కలిసి నడిచే ప్రోగ్రాముగా తయారవదు. కాబట్టి ఎనిమిదేళ్లలో నాకు సరైన సెలవు లేదు. నాన్న పోయి ఏడాది అయినప్పుడు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. పాస్టరు గారు నాన్న గురించి మాట్లాడుతున్నారు. నాన్న సైకిలు మీద ఆదివారం బడి పిల్లల్ని ఇద్దరేసి ముగ్గురేసి ఎక్కించుకొచ్చేవాడని చెబుతున్నారు. నా బ్యాగులో ఫోను వణికింది. ఆగింది, మళ్లీ వణికింది. బయటికి వచ్చి ఎత్తితే ల్యాబు నుంచి. ప్రింటరు మార్చారట, చీటీ రావడం లేదట, కింద పదిహేను మంది నిలబడి ఉన్నారట. మార్చాల్సింది ఒక్క లైను. ఆ ఒక్క లైను మార్చి బిల్డ్ చెయ్యాలంటే నేను ఆ గదిలో ఉండాలి. తెల్లచీరతోనే ఆటో ఎక్కాను. తిరిగి వచ్చేసరికి భోజనాలు అయిపోయి ఆకులు తీసేస్తున్నారు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఒకటే అడిగింది: "మీ నాయన కన్నా ఆ పెట్టె ఎక్కువయిందా నీకు?"

పెట్టె మీద కోపమే గానీ, అందులో సగం నా పాపం కూడా ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. చేరిన మూడో ఏడు, సారు ఒక రోజు కాఫీ తాగుతూ, "దీన్ని బయట ఎవరికైనా కాంట్రాక్టుకి ఇస్తే ఎట్టా ఉంటుందమ్మా?" అన్నాడు. ఊరికే అన్నాడేమో. నాకు మాత్రం ఉద్యోగం పోతుందని భయం పట్టుకుంది. అప్పుడు ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు, జార్లన్నీ ఉండే ఫోల్డరులోంచి తొమ్మిది తీసి, నా లాగిన్ పేరు మీద ఉండే సొంత ఫోల్డరులో పెట్టాను. బిల్డ్ పాత్‌లో దారి అటు తిప్పాను. ఇక ప్రాజెక్టుని ఎవరు కాపీ కొట్టుకుపోయినా ఆ తొమ్మిదీ రావు. ఎవడు చేస్తాడో చూస్తా అనుకున్నాను. ఏం తెలివి! ఆ తెలివికి నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. కాంట్రాక్టు సంగతి సారు వారం తిరక్కుండానే మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు, కానీ వెనక్కి సర్దనూ లేదు. రేపు సర్దుదాంలే అంటూ ఐదేళ్లు గడిపాను. ఈలోగా ఆ తొమ్మిదిటినీ నమ్ముకుని ఇంకా ఎన్నో చేరాయి.

కొత్త ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు ఎక్కించాను. నాలుగు వేల పైచిలుకు తప్పులు! తెరంతా ఎర్ర గీతలే. ఒక జారు డి డ్రైవులో ఉందంటుంది, ఇంకోటి ఇ డ్రైవులో ఉందంటుంది. ఒకటి జి డ్రైవులో ఉందంది. మాకు జి డ్రైవు ఎక్కడిది? రెండు గంటలు వెతికి వెతికి, చివరికి పాత కంప్యూటరు వెనక్కి చెయ్యి పెట్టి తడిమితే ఒక పెన్ డ్రైవు తగిలింది. దుమ్ము పట్టి గోడ రంగులో కలిసిపోయింది. నేను చేరక ముందు నుంచీ అక్కడే ఉందన్నమాట. ఆయా ఎప్పుడైనా చీపురుతో గట్టిగా కొట్టి ఉంటే జిల్లాలో సగం చెరువులకి చీటీ ఆగిపోయేది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

అయినా ఈసారి సరిగ్గా చెయ్యాలనుకున్నాను. పోయేదాన్ని ఎటూ పోతున్నాను, నా తర్వాత వచ్చే మనిషి ప్రశాంతంగా కూర్చునేలా చేసి పోదాం. తెల్లకాగితం తీసుకుని ఒక్కో జారు పేరు, వెర్షను, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి కావాలి, రాయడం మొదలుపెట్టాను. ఒకే సరుకు మూడు వెర్షన్లలో ఉంది. కొత్తది ఉంది కదా అని పాతది తీస్తే ఇంకెక్కడో రెండు మొరాయిస్తాయి. పాతది పెడితే కొత్తదాన్ని నమ్ముకున్నవి ఒప్పుకోవు. కొన్నింటిని తయారు చేసిన వాళ్ల సైట్లే మూతపడ్డాయి. కొన్నింటికి వెర్షను నంబరే లేదు. వారం రోజులు ఇదే పని. కళ్లు మూసుకున్నా ఎర్ర గీతలే. అన్నంలో చెయ్యి పెట్టి ఆలోచిస్తూ కూర్చుంటే అమ్మ కంచం లాగేసి, "తిను, లేకపోతే లే," అని కసిరింది. ఏడో రోజుకి నా కాగితం మీద సగం పైన తేలాయి.

మిగిలిన వాటిలో ఒక జంట ఉంది. రెండూ పీడీఎఫ్ తయారు చేసేవే, లోపల అన్నీ అవే పేర్లు. ఇలాంటివి రెండున్నప్పుడు వరసలో ఏది ముందుంటే దాని మాటే చెల్లుతుంది. ఒకదాని పేరు మామూలుగా ఉంది. రెండోదాని పేరు చివర ఒక గీత, గీత పక్కన ఇంగ్లీషులో వి, ఎ, డి, యు అని నాలుగక్షరాలు. నాకన్నా ముందు ఆ కుర్చీలో కూర్చున్న అన్న పెట్టిన పేరది. ఆయన కోడులో రాసుకునే మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే. ఒత్తులు రాయడం ఆయన ఒంటికి పడదు. 'మార్చొద్దు' అన్నా, 'తీయొద్దు' అన్నా ఒక్క డీతోనే సరిపెట్టేవాడు. ఎనిమిదేళ్లు ఆయన రాత చదివి చదివి నాకు అలవాటైపోయింది. అందుకే క్షణం కూడా ఆలోచించలేదు. వద్దు అన్నాడు. వద్దన్న దాన్ని నేనెందుకు మొయ్యాలి? తీసి పారేశాను.

మిగిలిన జార్ల గొడవంతా దానితోనే కాబోలు, ఎర్ర గీతలు ఒక్కసారిగా మాయమయ్యాయి. సున్నా తప్పులు! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. హమ్మయ్య, ప్రభువా, బయటపడ్డాను అనుకున్నాను. మెట్ల మీద నుంచే సారుని కేకేశాను. కింద ఒక పెద్దాయన రొయ్య పిల్లల చీటీ కోసం కూర్చుని ఉన్నాడు. "ఈ చీటీ కొత్తదాంట్లోంచే ఇద్దాం సార్," అన్నాను, గొప్పగా. ప్రింటరు గరగరలాడి చీటీ వదిలింది. పెద్దాయన దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఏందిమా ఇది, అరవమా?" అన్నాడు.

తీసుకుని చూస్తే ఒత్తులన్నీ ఊడిపోయి ఉన్నాయి. 'ఉప్పు' కాస్తా 'ఉప్' ఒక చోట, 'పు' ఇంకో చోట. 'రొయ్య' రెండు ముక్కలు. చీటీ చివర పెద్దక్షరాల్లో ఉండాల్సిన 'వదలవద్దు' కూడా అంతే, 'వదలవద్' అని ఒకటి, కాస్త ఎడంగా 'దు' అని ఒకటి. చుట్టూ ఉన్న వాళ్లు నవ్వారు.

"నవ్వులాట తర్వాత. పిల్లని వదలమంటావా, వద్దంటావా? ముందది చెప్పుమా," అన్నాడు పెద్దాయన.

"వద్దు పెద్దాయనా," అన్నాను.

సారు నవ్వలేదు. పాత కంప్యూటర్లోంచి ఇంకో చీటీ తీయించి పెద్దాయన చేతిలో పెట్టాడు. నా వైపు తిరిగి, "ఇది కాదమ్మా," అని మెల్లగా అని కిందికి పోయాడు. అరిచినా బాగుండేది. ఇంక మూడే పనిరోజులు, మధ్యలో ఒక ఆదివారం.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి గూడూరు అవతల కోట అనే ఊరికి పోయాను. ఆ పాత అన్న కంప్యూటర్ల పని మానేసి కోట దగ్గర రొయ్యల చెరువులు చేసుకుంటున్నాడని తెలుసు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆయనకి ఫోన్ చెయ్యలేదు. నాకు తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాదు. చెరువు గట్టు మీద, నీళ్లు చిలికే ఏరియేటర్ల హోరులో, మేత ఎంత తిన్నాయో చూడటానికి పళ్లెం పైకి లాగుతూ కనబడ్డాడు. నేను చేరిన కొత్తలో ఒక్కసారి ల్యాబుకి వచ్చినప్పుడు చూశాడు నన్ను, గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"ఇంకా ఆ సీట్లో నువ్వే ఉండావా?" అన్నాడు.

పలకరింపే చెంపదెబ్బ. "ఉండానన్నా. ఒకటే అడిగి పోతా. ఆ పీడీఎఫ్ జారుకి వద్దు అని పేరెందుకు పెట్టినావు? వద్దనుకున్నదాన్ని ఎందుకు ఉంచినావు?"

"వద్దు అని నేనెందుకు పెడతా?"

"వి, ఎ, డి, యు."

నా మొహం చూశాడు. పళ్లెం నీళ్లలోకి వదిలేసి, మోకాళ్లు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అది వద్దు కాదుమా తల్లీ! వాడు! దీన్నే వాడు అని! మామూలుదాంట్లో తెలుగు ఒత్తులు పడవు. దాన్ని విప్పి, మూడు నెలలు కూర్చోని బాగు చేసి పెట్టినా. దాన్ని తీసేసినావా?"

"వాడు అయితే ఇంకో ఏ వెయ్యొచ్చు కదన్నా?"

"వద్దు అయితే ఇంకో డీ వెయ్యనా?"

"నువ్వు పుట్టి బుద్ధెరిగి రెండో డీ వేసినావా? నీ 'మార్చొద్దు'కి ఎన్ని డీలు? చెప్పు!"

"అది నాకోసరం రాసుకున్నానుమా. నువ్వొచ్చి చదువుతావని కలగన్నానా?" అన్నాడు. నేనూ నవ్వాను. వారం తర్వాత అదే మొదటి నవ్వు.

గట్టు మీద కూర్చుని నా కాగితాలు చూపించాను. ఆయన ఒక్కొక్కటీ చూసి, "ఇంత ఎందుకు పెట్టుకున్నావు?" అన్నాడు. సరిగ్గా చేసి పోదామని అన్నాను. ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. ఆ జారు వరసలో ముందుకు వస్తే దానికి పాత ఫాంటు జారు కావాలి, అది వస్తే ప్రింటరు జారు ఒప్పుకోదు, అన్ని రకాల చీటీలూ అచ్చు తీసి ఒక్కో ఒత్తూ చూసుకోవాలి, ఇరవై రోజులు పడుతుందని చెప్పాను. నీకున్నదెంత అన్నాడు. మూడు అన్నాను.

ఆయన కాగితాలు నా ఒళ్లో పెట్టేశాడు. "నేనెట్టా బయటపడినానో తెలుసునా? నన్నూ ఇదే అడిగినాడు సారు, ఇంకోదాంట్లో ఆడించి చూపించమని. పాత సిస్టమ్ డిస్కు మొత్తం ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించేసినా. అవే డ్రైవులు, అవే ఫోల్డర్లు. చెప్పిన చోట జారుంటే చాలు దానికి, అది ఎవరి సిస్టమ్ అని అడగదు కదా. ఆడింది. లెటరు తీసుకోని వచ్చేసినా. నా సిస్టమ్ నా సిస్టమ్ అని నువ్వంటుండావే, అప్పుడు నేను దించింది దాంట్లోకే."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి నా తర్వాత వచ్చేది ఎట్టా చస్తుందని అనుకోలేదా అన్నా?"

"లేదుమా," అన్నాడు. దాచలేదు. "నువ్వెవరో కూడా నాకు తెలీదు అప్పుడు. మా ఆవిడ ఆస్పత్రిలో ఉండాది. నేను బయటపడాల. అంతే అనుకున్నా."

లేచాను. వద్దన్నా వినకుండా ఒక కవరు రొయ్యలు చేతిలో పెట్టాడు. బస్సులో గూడూరు దాకా ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. గూడూరు దాటాక తిట్లు అయిపోయాయి. అప్పటికే నేను ఆ డిస్కు గురించి లెక్కలు వేసుకుంటున్నాను.

సోమవారం పొద్దున ఆ కొత్త కంపెనీ అమ్మాయికి ఫోన్ చేసి ఇరవై రోజులు గడువు అడిగాను. నిజంగా బతిమాలాను. "సారీ మేడమ్, వెయిటింగ్‌లో ఇంకో ఇద్దరున్నారు," అంది. సరేనమ్మా అని పెట్టేశాను. గది తలుపు వేసుకున్నాను. కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

కొత్త ల్యాప్‌టాప్‌లో ఒకటే డ్రైవు ఉంది. దాన్ని ముక్కలు చేసి డి, ఇ అని పేర్లు పెట్టాను. పెన్ డ్రైవులో ఉన్నది కూడా ఒక ముక్కలో పోసి దానికి జి అని పెట్టాను. పాత డిస్కులోది ఉన్నదున్నట్టు దించాను. మిగిలింది నేను దాచిన తొమ్మిది. అవి నా లాగిన్ పేరున్న ఫోల్డరులో ఉన్నాయి. ప్రాజెక్టు ఆ పేరుతోనే వాటిని వెతుకుతుంది. వాటిని తీసి ఉండాల్సిన చోట పెడదామని చూశాను. పెట్టగానే వరస మారింది, వరస మారగానే ఒత్తులు పోయాయి. మళ్లీ మొదటికి. అప్పుడు ఇంకేం చెయ్యాలో తోచక, కొత్త ల్యాప్‌టాప్‌లో కూడా లాగిన్ నా పేరుతోనే తయారు చేశాను. ఇంటిపేరుతో సహా, పాతదాంట్లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా.

ఆడింది. చీటీ అచ్చయింది. సారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో మాటా వేలు పెట్టి చదివాడు. "అన్నీ వచ్చినాయి," అన్నాడు. మాట తప్పే మనిషి కాదు, ఆ మధ్యాహ్నమే లెటర్ మీద సంతకం పెట్టాడు. కింద అందరినీ పిలిచి స్వీట్లు పంచాడు. "ఎనిమిదేళ్లలో ఒక్క మాట అనిపించుకోలేదు ఈమె," అని అందరి ముందూ అన్నాడు. నాకు నేలలోకి కుంగిపోయినట్టయింది. 'సార్, ఇది ఆడింది గానీ ఇది సరిగ్గా చేసింది కాదు, శనివారాలు వచ్చి బాగు చేసి పెడతాను' అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన లెటర్ని కవర్లో పెట్టి చేతికిచ్చాడు. "వస్తాను సార్," అన్నాను.

కొత్త చోట నా బల్ల పక్కన కిటికీ తెరుచుకుంటుంది. ఆదివారాలు ఫోను ఆపేసి చర్చికి పోతున్నాను. మొదటి నెల అంతా తేలిగ్గా గడిచింది. రెండో నెల చివర ఒక మధ్యాహ్నం, క్యారేజీ విప్పుతుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నమస్తే మేడమ్. ల్యాబులో మీ సీట్లో చేరినాను నేను. మీ నంబరు సారిచ్చినారు," అంది ఒక అమ్మాయి. గొంతు హుషారుగా ఉంది. "ఈ ల్యాప్‌టాప్ తెరిస్తే మీ పేరొస్తుంది మేడమ్. పొద్దున లేస్తే మీ పేరు కొట్టి లోపలికి పోతుండా." నవ్వింది. "నిన్న నా పేరుతో కొత్త లాగిన్ చేసుకున్నా. చేసుకుంటే ప్రాజెక్టు అంతా ఎర్రగా అయిపోయింది మేడమ్. భయమేసి మళ్లీ మీ పేరుతోనే వచ్చినా. ఎందుకట్టా?"

నాకు ఇప్పుడు భయపడాల్సింది ఏమీ లేదు. లెటర్ ఇచ్చేశాను, ఉద్యోగంలో చేరిపోయాను, ఎవరూ వెనక్కి లాక్కోలేరు. తొమ్మిది జార్లు నా పేరు మీదున్న ఫోల్డరులో ఉన్నాయమ్మా, అవి నేనే పెట్టాను, తీసి ఫలానా వరసలో పెట్టుకో, నా దగ్గర కాగితాలున్నాయి, పంపిస్తాను. ఇంతే చెప్పాల్సింది. అర నిమిషం పట్టదు. కానీ ఆ తర్వాత ఆ అమ్మాయి ఒకటి అడుగుతుంది: అవి అక్కడ ఎందుకు పెట్టారు మేడమ్ అని.

"దాన్ని కదిలించొద్దమ్మా," అన్నాను. "నా పేరుతోనే వాడుకో. అట్టా వాడుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు."

"అట్టాగే మేడమ్. ఎంతకాలంలే," అంది. "నాకిప్పుడు మూడో నెల. ఏడో నెలలో మా అమ్మోళ్లు వచ్చి తీసుకోని పోతారు. కాన్పు ఆడనే. సారుకి చేరేటప్పుడే చెప్పినా. ఎవరికైనా అప్పజెప్పి, వాళ్ల సిస్టమ్‌లో ఒకసారి చూపించేసి పొమ్మా అన్నారు. చాలా మంచోరు కదా మేడమ్?"

"మంచోరేనమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టేసింది. అన్నం చల్లారిపోయింది. సాయంత్రం ఇంటికి పోయి ఆ కాగితాలు వెతికి తీశాను, ఫోటోలు కూడా తీశాను. పంపలేదు. రేపు పంపుదాంలే అనుకున్నాను.

ఇది రాస్తున్న రోజుకి ఆ అమ్మాయికి ఆరో నెల.